ప్రసవ దశలు – పురిటి నొప్పులు: గర్భిణి, ఇంటివారు తెలుసుకొనవలసిన సంగతులు

పురుడంటే ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దలు అంటారు. ఈ మాటలో సత్యమున్నది. అయితే ఈ మాటను మనం గర్భిణికి చెప్పే తీరు వల్లనే ఆమెలో సగం భయం పుడుతున్నది. సీమంతం నాడు గాజులు తొడుగుతూనే ఒకరు తమ తొలి కాన్పు కష్టాన్ని వర్ణిస్తారు. మరొకరు ఎవరికో జరిగిన ప్రమాదాన్ని గుర్తు చేస్తారు. ఆ అమ్మాయి నవ్వుతూనే కూర్చుంటుంది గాని, లోలోపల బెదిరిపోతుంది. తొమ్మిదవ నెల వచ్చేసరికి "నొప్పులు లేకుండా కాన్పయ్యే మందేదైనా ఉన్నదా?" అని నావంటి వైద్యులను అడుగుతుంది. లేదా "నొప్పులు నేను పడలేను, ఆపరేషన్ చేయించండి" అని ఇంట్లో పట్టుబడుతుంది.

గురుకులంలో గురువుగారి ఎదుట కూర్చుండి చరక, సుశ్రుత సంహితల శారీరస్థానాలను వల్లె వేసిన నాటి నుండి నేటి వరకు నేను గమనించిన విషయం ఒకటి ఉన్నది. ఏమి జరుగబోతున్నదో ముందుగా తెలిసిన స్త్రీ నొప్పులను ధైర్యంగా ఎదుర్కొంటుంది. తెలియని స్త్రీ మొదటి నొప్పికే డీలా పడుతుంది. నొప్పి ఇద్దరికీ ఉంటుంది. భయం మాత్రం ఇద్దరికీ సమానం కాదు. అందుచేత కాన్పు ఏయే దశలలో నడుస్తుందో, ఏ దశలో గర్భిణి ఏమి చేయవలెనో, ఇంటివారు ఎంతవరకు సాయపడగలరో, ఎక్కడ ఆగవలెనో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసం ఇంటి దగ్గర కాన్పు చేయడానికి ఉద్దేశించినది కాదు. కాన్పు ఆసుపత్రిలోనే జరగవలెను. రక్తస్రావం ఎప్పుడు మొదలవుతుందో, బిడ్డ ఎప్పుడు నలుగుతుందో ఎంతటి అనుభవజ్ఞుడైనా ముందుగా చెప్పలేడు. ఆయుర్వేదం చదివినవాడిని కనుకనే ఈ మాట నిస్సంకోచంగా చెబుతున్నాను.

శాస్త్రదృష్టిలో ప్రసవం

శరీరంలోని కదలికలన్నీ వాయువు పనియని ఆయుర్వేద సిద్ధాంతం. నాభికి దిగువన సంచరించే అపానవాయువు మలమూత్రాలను, ఆర్తవాన్ని, గర్భాన్ని తగిన కాలంలో వెలుపలికి పంపుతుంది. పక్వమైన పండు తొడిమ నుండి తనంత తాను విడివడినట్లు, నెలలు నిండిన గర్భం కాలపరిణామం చేత తన బంధం నుండి విడివడుతుందని సుశ్రుతాచార్యులు పోల్చి చెప్పారు. ఈ పోలికలో ముఖ్యమైనది కాలం. పండని కాయను కొమ్మ నుండి లాగితే కొమ్మకూ దెబ్బే, కాయకూ దెబ్బే.

ఆధునిక వైద్యులు ఇదే క్రియను కండరాల భాషలో చెబుతారు. గర్భాశయం ఒక బలమైన కండరపు సంచి. నెలలు నిండిన తరువాత ఆక్సిటోసిన్, ప్రోస్టాగ్లాండిన్ అనే ద్రవ్యాల ప్రభావం చేత అది ఒక లయలో ముడుచుకుంటూ, సడలుతూ ఉంటుంది. ముడుచుకున్న ప్రతిసారీ గర్భాశయ ముఖద్వారం కొంచెం పలుచనై, కొంచెం తెరుచుకుంటుంది. బిడ్డ కొంచెం దిగుతుంది. ఈ ముడుపునకే మన శాస్త్రంలో 'ఆవి' అని పేరు. వాడుకలో పురిటి నొప్పి అంటాం.

నొప్పి వల్లనే బిడ్డ దిగుతున్నదని, అది రోగలక్షణం కాదని గర్భిణి గ్రహించవలెను. కడుపునొప్పి, పంటినొప్పి వంటివి ఎడతెగక బాధిస్తాయి. పురిటి నొప్పి అలలాగా వచ్చి, పెరిగి, తగ్గి, విరామమిస్తుంది. నొప్పులు బాగా బలపడిన సమయంలో కూడా పది నిమిషాలలో మూడు నాలుగు సార్లు, ఒక్కొక్కటి ముప్పాతిక నిమిషం నుండి ఒక నిమిషం వరకు ఉంటుంది. అనగా పది నిమిషాలలో నొప్పి మూడు నాలుగు నిమిషాలు. మిగిలిన ఆరేడు నిమిషాలు విశ్రాంతి. ఈ లెక్క చెప్పినప్పుడు ఎందరో గర్భిణుల ముఖాలు తేటపడటం నేను చూశాను.

కాన్పు దగ్గర పడిన గుర్తులు

నేడో రేపో ప్రసవించనున్న స్త్రీని వాగ్భటాచార్యులు 'అద్యశ్వఃప్రసవ' అన్నారు. అలసట, కడుపు కిందికి జారినట్లుండటం, ఎదపై కట్టు విప్పినట్లు ఊపిరి తేలిక పడటం, కింది భాగం బరువెక్కటం, నడుము, పొత్తికడుపు, గజ్జలు, వీపు నొప్పిగా ఉండటం, మాటిమాటికి మూత్రం రావటం, ఆహారంపై ఇచ్ఛ తగ్గటం, యోని నుండి జిగురు స్రవించటం ఈ సమయపు లక్షణాలుగా మన ఆచార్యులు వర్ణించారు. బిడ్డ తల కటి ఎముకల మధ్యకు దిగటం వల్ల ఇవన్నీ కలుగుతాయి. జిగురులో సన్నని నెత్తుటి చార కనిపిస్తే ముఖద్వారం మెత్తబడుతున్నదని అర్థం. చార వేరు, ధారగా రక్తం పోవటం వేరు. ధారగా పోతే అది ప్రమాదం.

నిజమైన నొప్పులు – దొంగ నొప్పులు

చివరి వారాలలో దొంగ నొప్పులు వచ్చి ఇంటిల్లిపాదినీ కంగారు పెడతాయి. వీటిని గుర్తించటం కష్టం కాదు. దొంగ నొప్పులకు లయ ఉండదు. ఒకసారి పది నిమిషాలకు, ఒకసారి అరగంటకు వస్తాయి. ఎక్కువగా పొత్తికడుపులోనే ఉంటాయి. లేచి నాలుగడుగులు వేసినా, వెల్లకిల పడుకున్నది పక్కకు తిరిగినా, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసినా తగ్గిపోతాయి. నిజమైన నొప్పులు తరచుగా నడుములో పుట్టి ముందుకు చుట్టుకుంటాయి. గంట గడిచేకొద్దీ దగ్గర పడతాయి, బలపడతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి. పడుకున్నా తగ్గవు, నడిచినా తగ్గవు.

పూర్వం మన ఇళ్ళలో ఇటువంటి వేళ ఒక గ్లాసెడు పలుచని జీలకర్ర కషాయం ఇచ్చి చూచేవారు. నీరు తక్కువై, వాయువు చేరి వచ్చిన నొప్పియైతే దానితో సద్దుమణుగుతుంది. ఇందులో దోషం లేదు. కాని కషాయం ఇచ్చి గంటల తరబడి కనిపెట్టుకొని కూర్చోవద్దు. గడియారం దగ్గర పెట్టుకొని, నొప్పి ఎప్పుడు వచ్చినదీ, ఎంతసేపున్నదీ ఒక కాగితం మీద వ్రాయండి. తొలిచూలు స్త్రీకి ఐదు నిమిషాలకొకసారి, నిమిషంపాటు నిలిచే నొప్పులు గంటసేపు వరుసగా వస్తే బయలుదేరవలెను. మలి కాన్పుకు అంత ఆలస్యం పనికిరాదు; నొప్పులు క్రమబద్ధం కాగానే బయలుదేరవలెను. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే. తొమ్మిదవ నెలలో పడక ముందే నొప్పులు లయగా వస్తే, అది ఏ కషాయానికీ లోబడే విషయం కాదు. తక్షణం వెళ్ళవలెను.

మొదటి దశ: ద్వారం తెరుచుకొనుట

నొప్పులు మొదలైనప్పటి నుండి గర్భాశయ ముఖద్వారం పది సెంటీమీటర్లు, అనగా పూర్తిగా, తెరుచుకొనే వరకు మొదటి దశ. కాన్పులో ఎక్కువ కాలం పట్టేది ఇదే. ఇందులో రెండు భాగాలున్నాయి. ఐదు సెంటీమీటర్ల వరకు నెమ్మదిగా నడిచే భాగం. దీనికి ఇంత సమయమని నియమం లేదు. అక్కడి నుండి వేగం పుంజుకొనే భాగం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం ఈ రెండవ భాగం తొలి కాన్పులో సాధారణంగా పన్నెండు గంటలు, తరువాతి కాన్పులలో పది గంటలు దాటదు.

మొదటి భాగంలో గర్భిణి తొందరపడరాదు. పగలైతే ఇంట్లో మెల్లగా తిరుగుతూ చిన్న పనులు చేసుకోవచ్చును. రాత్రియైతే ఎడమ పక్కకు తిరిగి నిద్రపోవలెను. ఈ సమయంలో కూడబెట్టుకున్న శక్తి తరువాత అక్కరకు వస్తుంది.

ఇక్కడ చరక సంహితలోని ఒక చర్చను మన పాఠకులు తెలుసుకోవలెను. నొప్పులు వచ్చిన స్త్రీ చేత రోకలి పట్టించి ధాన్యం దంపించవలెనని ఆనాడు కొందరి అభిప్రాయం. ఆత్రేయ మహర్షి దీనిని ఖండించారు. గర్భిణికి కఠినశ్రమ ఎప్పుడూ కూడదనీ, ధాతువులూ దోషాలూ కదలిపోయిన ప్రసవకాలంలో అసలే కూడదనీ, శ్రమ చేత ప్రకోపించిన వాయువు ప్రాణానికే చేటు తెస్తుందనీ హెచ్చరించారు. ఆవులించటం, అటూ ఇటూ నడవటం మాత్రం మంచిదన్నారు. తొమ్మిదవ నెల నిండగానే "కాన్పు సులువవుతుంది" అని కోడలి చేత బిందెలు మోయించే ఇళ్ళు నేటికీ లేకపోలేదు. వారు ఆత్రేయుని మాట వినవలెను. నడక మందు, మోత మందు కాదు.

రెండవ భాగంలో నొప్పి తీవ్రమవుతుంది. ముఖద్వారం పూర్తిగా తెరుచుకొనే ముందు వచ్చే అరగంట, గంట కాలం అన్నిటికంటె కఠినమైనది. ఒళ్ళు వణుకుతుంది, వాంతి అవుతుంది, "ఇక నా వల్ల కాదు" అనే మాట వస్తుంది. పక్కనున్నవారు ఈ మాట విని హడలిపోరాదు. చాలామందిలో ఇది ఒడ్డు చేరువైన సూచన. ఆమెకు ఆ సంగతే చెప్పవలెను.

రెండవ దశ: బిడ్డ జననం

ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నది మొదలు బిడ్డ భూమి మీద పడేవరకు రెండవ దశ. తొలి కాన్పులో సాధారణంగా మూడు గంటలలోపు, మలి కాన్పులలో రెండు గంటలలోపు ముగుస్తుంది. బిడ్డ తల మలద్వారం మీద ఒత్తిడి కలిగించటం వల్ల ముక్కవలెననే వేగం తనంత తాను పుడుతుంది.

ఎప్పుడు ముక్కవలెను? చరకాచార్యులు దీనికి చక్కని సమాధానమిచ్చారు. తుమ్ము, త్రేన్పు, మలమూత్రాల వేగాలు రానప్పుడు ఎంత ప్రయత్నించినా రావు. వచ్చినప్పుడు ఆపితే హాని చేస్తాయి. ప్రసవవేగం కూడా అటువంటిదే. ఆవి లేనప్పుడు ముక్కితే తల్లి అలసిపోవటమే గాక బిడ్డకు కూడా కీడు కలుగుతుందనీ, ఆవి వచ్చినప్పుడు మొదట మెల్లగా, తరువాత క్రమంగా బలంగా ముక్కవలెననీ ఆయన బోధ. ద్వారం పూర్తిగా తెరుచుకొనక ముందే "ముక్కు, ముక్కు" అని చుట్టూ చేరి అరిస్తే ద్వారం వాచి, కాన్పు ఆలస్యమవుతుందని నేటి ప్రసూతి వైద్యులు కూడా చెబుతున్నారు. కాబట్టి డాక్టరు గాని నర్సు గాని పరీక్షించి చెప్పే వరకు, నొప్పి వచ్చినప్పుడు నోటితో చిన్న చిన్న ఊపిరులు వదులుతూ ఓర్చుకోవలెను. తల బయటపడే క్షణంలో కూడా వారు ఆగమంటే ఆగవలెను. అప్పుడే కింది భాగం చిరగకుండా సాగుతుంది.

పైనుండి పొట్టను మోచేతితో నొక్కి బిడ్డను తోయటం మంచి పద్ధతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని చేయవద్దన్నది.

మూడవ దశ: మాయ పడుట

బిడ్డ పుట్టగానే పురుడు ముగిసినదని ఇంటివారు మిఠాయికి పరుగెత్తుతారు. వైద్యుని కళ్ళు మాత్రం అప్పుడే మరింత జాగరూకమవుతాయి. మన శాస్త్రంలో 'అపర' అని పిలిచే మాయ సామాన్యంగా అరగంటలోపు పడిపోతుంది. అది పూర్తిగా పడకున్నా, గర్భాశయం గట్టిగా ముడుచుకొనకున్నా రక్తస్రావమవుతుంది. తల్లుల మరణాలకు ముఖ్యకారణాలలో ఇది ఒకటి. అందుకే ఆసుపత్రులలో బిడ్డ పుట్టగానే తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇస్తారు. మాయను బొడ్డు తాడు పట్టి లాగటం, తల్లి నోట్లో వెంట్రుకలు పెట్టి ఓకరింపజేయటం వంటివి ఎవ్వరూ చేయరాదు.

ఆరోగ్యంగా ఏడ్చిన బిడ్డకు బొడ్డు తాడు ఒక నిమిషం దాటిన తరువాత కత్తిరించటం మంచిది; మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. వెంటనే తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించవలెను. పసిబిడ్డకు తేనె నాకించే ఆచారం మన గ్రంథాలలో కూడా ఉన్నది. అయితే తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి శిశువులకు పక్షవాతం వంటి జబ్బు తెస్తుందని నేడు తెలిసినది. కాబట్టి సంవత్సరం నిండేవరకు తేనె వద్దు.

భయం నొప్పిని ఎట్లు పెంచుతుంది?

ఇంగ్లండుకు చెందిన గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ప్రసూతి వైద్యుడు 1933లో సహజ ప్రసవం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. భయపడిన స్త్రీ ఒళ్ళు బిగబడుతుందని, బిగబడిన శరీరంలో నొప్పి హెచ్చుతుందని, ఆ నొప్పి మరల భయాన్ని పెంచుతుందని ఆయన బోధించాడు. మన శాస్త్రం భయాన్ని వాతప్రకోప కారణాలలో చేర్చినది. ప్రసవం వాయువు పని అయినప్పుడు, వాయువును దారి తప్పించే భయాన్ని పురిటి గది గడప దాటనీయరాదు.

సుశ్రుతాచార్యులు ప్రసవ సమయంలో నలుగురు స్త్రీలు పరిచర్య చేయవలెనన్నారు. వారు వయస్సు మళ్ళినవారు, కాన్పు పనిలో నేర్పరులు, గర్భిణికి శంక కలిగించనివారు, గోళ్ళు కత్తిరించుకున్నవారు అయి ఉండవలెను. గోళ్ళ శుభ్రతను ఆనాడే గుర్తించిన ఆ దృష్టికి నమస్కరించవలెను. అంతకంటె నన్ను కదిలించేది "శంక కలిగించనివారు" అనే నియమం. బిడ్డ పుట్టే వేళ చుట్టూ ఉన్న స్త్రీలు శుభవాక్యాలు పలకవలెననీ, ఆ సంతోషం చేత తల్లి ప్రాణాలు పుష్టి పొందుతాయనీ చరకంలో ఉన్నది. ఆ శుభవాక్యాలలో పుత్రుడనే మాటే ఉన్నది. మనం దానిని బిడ్డ అని గ్రహించుకోవలెను. ఆడపిల్ల పుట్టినదని పురిటి మంచం దగ్గరే నిట్టూర్చే అత్తగారు ఆ తల్లి ప్రాణబలాన్ని తగ్గిస్తున్నదని తెలుసుకోవలెను.

2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన గర్భిణికి తోడుగా ఒకరిని అనుమతించవలెనని సూచించినది. ముందుగానే ఆసుపత్రివారిని అడిగి, ఎవరు తోడుండవలెనో గర్భిణి చేతనే చెప్పించండి. ఆమె తల్లిని కోరితే తల్లి, అక్కను కోరితే అక్క, భర్తను కోరితే భర్త.

నొప్పి తగ్గించే ఉపాయాలు

1. తైలం: గోరువెచ్చని నువ్వుల నూనెతో నడుము, వీపు, పక్కలు, తొడలు మృదువుగా మర్దన చేయవలెను. చరకాచార్యులు చెప్పిన స్థానాలు ఇవే. నడుము నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు వెన్నెముక చివర, పిరుదుల పైభాగాన అరచేతి మడమతో స్థిరంగా అదిమి పట్టితే ఎంతో హాయిగా ఉంటుంది. పొట్ట మీద మాత్రం మర్దన, ఒత్తిడి కూడదు.

2. కాపడం: వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను నడుముపై వేయవచ్చును. ముందు మీ మణికట్టుపై పెట్టి వేడి చూచుకోండి. వెన్నులో మత్తు సూది తీసుకున్నవారికి కాపడం పెట్టరాదు. చర్మం కాలినా వారికి తెలియదు.

3. భంగిమ: వెల్లకిల పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద రక్తనాళంపై పడి బిడ్డకు రక్తప్రసరణ తగ్గవచ్చును. నడవటం, కిటికీ చువ్వలు పట్టుకొని ముందుకు వంగటం, మోకాళ్ళ మీద కూర్చుని మంచం మీద తల ఆన్చటం, ఎడమ పక్కకు పడుకోవటం మంచివి.

4. శ్వాస: నొప్పి మొదలు కాగానే ముక్కుతో నిదానంగా పీల్చి, పీల్చిన దానికంటె ఎక్కువసేపు వదలవలెను. దవడ, భుజాలు, పిడికిళ్ళు సడలించవలెను. కేక పెట్టవలెననిపిస్తే కీచుమని కాక, గొంతు అడుగు నుండి 'ఊఁ' అని దీర్ఘంగా మూలగండి. దీనిని ఏడవ నెల నుండి రోజూ పది నిమిషాలు అభ్యసించవలెను. గర్భిణులు కుంభకం, అనగా ఊపిరి బిగబట్టటం, చేయరాదు.

5. ఆహారం: సుశ్రుతాచార్యులు నొప్పులు వచ్చిన స్త్రీకి యవాగువు, అనగా జావ, తాగించమన్నారు. పలుచని బియ్యపు గంజి, జావ, కొబ్బరినీరు, పలుచని మజ్జిగ కొద్దికొద్దిగా ఇవ్వవచ్చును. ఆపరేషన్ అవసరం పడవచ్చునని డాక్టరు ఏమీ ఇవ్వవద్దంటే ఆ మాటే పాటించవలెను.

6. మూత్రం: రెండు గంటలకొకసారి మూత్రం పోసుకోవలెను. నిండిన మూత్రాశయం బిడ్డ దారికి అడ్డు. నొప్పిని కూడా పెంచుతుంది.

మత్తు సూది తీసుకోవటం తప్పా?

ఇన్ని ఉపాయాలు చెప్పిన తరువాత కూడా కొందరికి నొప్పి భరించరానిదిగా ఉంటుంది. అటువంటివారు వెన్నులో ఇచ్చే మత్తు సూదిని కోరుకోవటంలో ఎట్టి తప్పూ లేదు. "నొప్పి ఓర్చుకున్నదే అసలైన తల్లి" అనే మాట ఏ శాస్త్రంలోనూ లేదు. 1847లో స్కాట్లండులో జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవానికి క్లోరోఫారం వాడినప్పుడు కూడా పలువురు ఆక్షేపించారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో దానిని తీసుకున్న తరువాత ఆక్షేపణలు సన్నగిల్లాయి. ఆ మందు ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో మన హైదరాబాదులోనే, నిజాం ప్రభుత్వపు అండతో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుని నాయకత్వాన రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. నొప్పిని శమింపజేయాలనే తపన వైద్యానికి మొదటి నుండీ ఉన్నది.

నేటి వెన్ను సూది క్లోరోఫారం వంటిది కాదు. తల్లి మెలకువతోనే ఉంటుంది. రక్తపోటు తగ్గటం, రెండవ దశ కొంత పొడుగు కావటం వంటి ఇబ్బందులు ఉండవచ్చును. అయితే దానివల్ల ఆపరేషన్ అవసరం పెరగదని పరిశోధనలు తేల్చాయి. మత్తు వైద్యుడు అన్ని వేళలా అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే దానిని తీసుకోవలెను.

ఈ విషయం తెలియకనే నొప్పికి భయపడి నేరుగా ఆపరేషన్ కోరేవారున్నారు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 జరిగాయి. దీనికి కారణాలు అనేకం. అవసరమైన ఆపరేషన్ రెండు ప్రాణాలను నిలబెడుతుంది; దానిని నేనెన్నడూ నిందించను. నొప్పి భయం చేత, ముహూర్తం కోసం చేయించుకొనే ఆపరేషన్‌ను గురించే నా విన్నపం. ముప్పైతొమ్మిది వారాలు నిండక ముందు అవసరం లేకుండా బిడ్డను తీస్తే ఊపిరి ఇబ్బందులు కలిగే అవకాశం పెరుగుతుంది. ఆ తరువాతి కాన్పులలో తల్లికి కూడా చిక్కులు రావచ్చును.

ఒకసారి ఒక పెద్దమనిషి పంచాంగం చేత పట్టుకొని నా వద్దకు వచ్చాడు. శుక్రవారం దివ్యమైన లగ్నమున్నదని, ఆనాటికి కోడలికి నొప్పులు వచ్చేటట్లు ఆముదమో, మరేదైనా మూలికో ఇవ్వమని కోరాడు. తుమ్మును గురించి చరకాచార్యులు చెప్పినది వినిపించి, మందివ్వకుండా పంపించాను. ముహూర్తం దాటిన మూడవనాటి రాత్రి ఆమెకు నొప్పులు వచ్చి, తెల్లవారేసరికి ఆసుపత్రిలో సుఖప్రసవమైనది. బిడ్డకు ఆ ఘడియే జన్మలగ్నం కదా అని ఆ పెద్దమనిషే తరువాత అన్నాడు.

ఇంట్లో చేయకూడనివి

నొప్పులు రావటానికి ఆముదం తాగించరాదు. విరేచనాలు, వాంతులు అయి, నీరంతా పోయి, అసలు కాన్పు వేళకు తల్లి నీరసిస్తుంది. అడవినాభి దుంపను అరగదీసి పొట్టకు, పాదాలకు పూసే వాడుక కొన్ని ప్రాంతాలలో ఉన్నది. మన గ్రంథాలలో లాంగలి అనే పేరుతో ప్రసవ ప్రకరణంలో కనిపించే ద్రవ్యమే ఇది. అయితే మన శాస్త్రమే దానిని ఉపవిషాలలో చేర్చినది. పొరపాటున నోట్లోకి పోతే ప్రాణాంతకం. గ్రంథంలో ఉన్న ప్రతిదీ వంటింట్లో చేయదగినది కాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది అర్హత లేనివారిని ఇంటికి పిలిపించి "నొప్పుల ఇంజక్షన్" చేయించటం. బిడ్డ పుట్టిన తరువాత రక్తస్రావాన్ని ఆపి ప్రాణం నిలిపే ఆక్సిటోసిన్, బిడ్డ పుట్టక ముందు అదుపు లేకుండా ఇస్తే గర్భాశయాన్నే చీల్చివేయగలదు. బిడ్డకు ఊపిరాడకుండా చేయగలదు. మందు ఒక్కటే, కాలం, మోతాదు మారితే అమృతం విషమవుతుంది.

క్షణం ఆలస్యం చేయకూడని లక్షణాలు

ధారగా రక్తం పోవటం, ఉమ్మనీరు పోవటం, ముఖ్యంగా అది పచ్చగా గాని దుర్వాసనతో గాని ఉండటం, బిడ్డ కదలిక తగ్గటం లేదా తెలియకపోవటం, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారటం, ముఖం వాయటం, గుర్రపువాతం, జ్వరం, విరామం లేకుండా నిలిచిపోయిన కడుపునొప్పి, యోని నుండి బొడ్డు తాడు గాని, బిడ్డ కాలు, చేయి గాని కనిపించటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయాలు, తైలాలు, దిష్టి తీయటాలు పక్కన పెట్టి 108కి ఫోను చేయండి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదని, అడ్డంగా ఉన్నదని, లేదా మొదటి కాన్పు ఆపరేషన్ అయినదని తెలిసినవారు నొప్పుల కోసం ఇంట్లో ఎదురుచూడక ముందుగానే డాక్టరుతో నిర్ణయం చేసుకోవలెను.

ఎనిమిదవ నెలలోనే ఆసుపత్రి ఏదో, వాహనం ఏదో, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవారెవరో, రక్తమివ్వగలవారెవరో నిర్ణయించి ఉంచండి. పరీక్షల కాగితాలు, నాలుగు మెత్తని ఉతికిన గుడ్డలు, నువ్వుల నూనె సీసా ఒక సంచిలో సర్దండి. సీమంతానికి వచ్చే ముత్తయిదువులకు కూడా ఒక మనవి: ఆనాడు గర్భిణి చెవిలో మీ కాన్పు కష్టం చెప్పకండి. నొప్పి అలలాగా వచ్చి పోతుందని, మధ్యలో విశ్రాంతి ఉంటుందని, తోడుగా తామున్నామని చెప్పండి. గాజులతో పాటు ఆ ధైర్యాన్ని కూడా తొడిగి పంపండి.